ఈ రోజు ఏ ఒడ్డుకు? మెనోర్కా దీవిలో తీరాలను ఎంచుకున్న వైనం

స్పెయిన్‌కు చెందిన మెనోర్కా దీవికి బయలుదేరడానికి రెండు నెలల ముందే నా దగ్గర పంతొమ్మిది సముద్రతీరాల జాబితా తయారై ఉంది. పాత క్యాలెండర్ కాగితం వెనక వైపున పేర్లు ఒక వరుసలో రాసుకుని, ఫోటో చూసినప్పుడు కలిగిన ముచ్చటను బట్టి పదికి ఇన్ని అని మార్కులు పక్కన వేసుకున్నాను. తిరిగి వచ్చేనాటికి ఆ పంతొమ్మిదింటిలో మేము అడుగుపెట్టినవి తొమ్మిది. వాటిలో పదికి పది వేసుకున్న చోట అరగంట కూడా నిలవలేకపోయాం. నాలుగు వేసి అడుగున పడేసిన చోటికి మూడుసార్లు వెళ్ళాం. ఆ మార్కులు ఎలా తారుమారయ్యాయో రాస్తే, అటువైపు వెళ్ళదలచిన వాళ్ళకు, ముఖ్యంగా ముసలివాళ్ళనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

మేము మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మ బందరు నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. అది షెంగెన్ వీసా కాబట్టి స్పెయిన్‌కైనా ఇటలీకైనా గ్రీసుకైనా వేరే కాగితాలు అక్కరలేదు. జూన్‌లో బవేరియా బడులకు పెంతెకోస్తు సెలవులు రెండు వారాలుంటాయి. మధ్యధరా సముద్రంలో ఏ దీవికి వెళ్ళాలన్న ప్రశ్న మా ఇంట్లో ఎక్కువసేపు నిలవలేదు. సార్డీనియా అందమైనదే కాని 24,000 చదరపు కిలోమీటర్ల దీవి, ఒక తీరం నుంచి మరో తీరానికి సగం రోజు ప్రయాణం. క్రీట్‌లో నాకు నచ్చిన తీరాలు పడమటి కొసన, కొండదారుల చివర ఉన్నాయి. అమ్మకు 68 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయి, కారులో గంట దాటితే పాదాలు వాస్తాయి. మెనోర్కా మొత్తం సుమారు 700 చదరపు కిలోమీటర్లు. తూర్పున మావో ఊరి నుంచి పడమట సియుతదెల్లా వరకు దీవి నడిబొడ్డున ఒకే పెద్ద రోడ్డు, నలభై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. బందరు నుంచి గుడివాడ కంటే కాస్త ఎక్కువ దూరమని చెబితే అమ్మ వెంటనే ఒప్పుకుంది.

ఈ దీవిని 1993లో యునెస్కో జీవావరణ రిజర్వుగా గుర్తించింది. అందువల్ల తీరంలో చాలా భాగం హోటళ్ళు, విల్లాలు లేకుండా అలాగే మిగిలింది. ఇది చదివి నేను మురిసిపోయానే తప్ప, కట్టడాలు లేని చోటికి రోడ్డు కూడా ఉండదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

అక్కడి వాళ్ళు ఇలాంటి చోట్లను 'కాలా' అంటారు. సముద్రం నేలలోకి చొచ్చుకువచ్చి, మూడు వైపులా రాతి గోడల మధ్య మడుగులా నిలిచిన చోటు, లోపలి కొసన కాస్తంత ఇసుక: అదీ కాలా అంటే. మన కోస్తాలో కనుచూపు మేర సాగిపోయే ఇసుక ఒడ్డును చూసి పెరిగిన కంటికి ఇది కొత్త. కొన్ని కాలాల్లో ఇసుక మన పెళ్ళిపందిరి పరచినంత మేరకు మించి ఉండదు. ఫోటోల్లో మాత్రం అన్నీ ఒకటే: పైనుంచి తీసిన నీలాకుపచ్చ నీళ్ళు, ఒక తెల్ల పడవ, మూలగా ఒక పైన్ కొమ్మ. ఆ ఫోటోల్లో కనబడనివి ఏమిటంటే కారు ఆపిన చోటి నుంచి ఎంత నడవాలి, ఎన్ని మెట్లు దిగాలి, మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుంది, పడుతుందా అసలు, గాలి ఎటు నుంచి వీస్తుంది అన్నవి. నేను వేసిన మార్కుల్లో వీటిలో ఒక్కదానికీ లెక్క లేదు.

బస ఎక్కడ అన్న విషయంలో మాత్రం, నా తెలివి వల్ల కాకపోయినా, మంచి నిర్ణయమే జరిగింది. నేను సముద్రం ఎదుటే గది తీసుకుందామన్నాను. అమ్మ వద్దంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి ఆమె బందరులోనే ఉంది. సముద్రాన్ని పగలు ఎంతసేపైనా చూస్తుంది కాని దాని పక్కన నిద్రపోదు. ఆ సంగతి మీద మా ఇంట్లో ఎవరూ వాదించరు. అందుకని దీవి మధ్యలో, కొండల నడుమ ఉన్న ఫెర్రెరీస్ అనే చిన్న ఊళ్ళో ఒక పాత ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకున్నాం. ఉత్తర తీరానికీ దక్షిణ తీరానికీ అక్కడి నుంచి అరగంట లోపు. తరువాత తెలిసింది, మేము చేసిన ఎంపికలన్నింటిలోకీ సరైనది అదేనని.

మొదటి రోజు పొద్దున్నే పదికి పది వేసిన కవలేరియా తీరానికి బయలుదేరాం. అది ఉత్తరపు ఒడ్డు. కారు ఆపి కాస్త నడిస్తే కొండ అంచుకు చేరతాం. అక్కడి నుంచి కింద ఎర్రటి ఇసుక, దాని మీద రెండు పొరలుగా నీలం, నిజంగానే ఫోటోలో ఉన్నట్టే ఉంది. కిందికి చెక్కమెట్లు చాలా ఉన్నాయి. అమ్మ రెండు మెట్లు దిగి, గుంజ పట్టుకుని, "మీరు వెళ్ళి రండమ్మా, నేనిక్కడ కూర్చుంటాను" అంది. మేము దిగాం. ఒడ్డున నిలబడగానే పిక్కల మీద ఎవరో గుప్పెళ్ళతో ఆవాలు విసిరినట్టు ఇసుక తగలడం మొదలైంది. పరచిన తుండుగుడ్డ లేచిపోతే మా వారు దాని వెంట పరుగెత్తారు. అలలు ఒకదాని మీద ఒకటి విరిగి పడుతున్నాయి. ఏడేళ్ళ మా అబ్బాయి కంట్లో ఇసుక పడి ఏడుపు లంకించుకున్నాడు. పైకి వచ్చేసరికి అమ్మ కొంగును తలచుట్టూ బిగించి, కళ్ళు మూసుకుని, గాలికి వీపు పెట్టి కూర్చుని ఉంది. మేము ఆ ఒడ్డున ఉన్నది ఇరవై అయిదు నిమిషాలు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి కింది వాటాలో ఉండే ఇంటావిడ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. మా తలలు చూసి ఎక్కడికి వెళ్ళారో అడగకుండానే గ్రహించింది. మా వారి వచ్చీరాని స్పానిష్‌లో ఆవిడ చెప్పినది ఇంత: తీగ మీద దుప్పటి దక్షిణం వైపు ఎగురుతుంటే ఉత్తరం గాలి, ఆ రోజు దక్షిణపు ఒడ్డుకు వెళ్ళాలి, అది ఉత్తరానికి ఎగిరితే ఉత్తరపు ఒడ్డుకు వెళ్ళాలి, ఇందులో ఆలోచించడానికేముంది? సరే చూద్దామని భోజనాలు చేసి, మూడింటికి దక్షిణాన ఉన్న కాలా గల్దానాకు వెళ్ళాం. ఎనిమిది కిలోమీటర్లకు మించి లేదు. అదే రోజు, అదే గాలి, కాని ఆ నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. పొద్దున్న చూసిన సముద్రమూ ఇదీ ఒకటేనంటే మా అబ్బాయి నమ్మలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఫ్రాన్స్ దక్షిణాన పర్వతాల మధ్య సందుల్లోంచి చల్లగాలి ఒరుసుకుంటూ వచ్చి, సముద్రం మీదుగా నేరుగా ఈ దీవి మీద పడుతుంది. దాని పేరు త్రముంతానా. ఉత్తర భాగంలో అడవి ఆలివ్ చెట్లన్నీ దక్షిణానికి ఒరిగి, దువ్విన జుట్టులా పెరిగి ఉండటం పొద్దున్న దారిలో చూశాను కాని ఎందుకో అనుకోలేదు. దక్షిణపు గాలి పేరు మిజ్జోర్న్. అక్కడి కటలాన్ భాషలో ఆ మాటకు మధ్యాహ్నం అని కూడా అర్థం, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉండే దిక్కు గనుక. నన్ను ఆకట్టుకున్నది ఏమిటంటే, ఈ రెండు గాలుల పేర్లే దీవిలోని రెండు సగాల పేర్లు కూడా. ఉత్తర సగం త్రముంతానా, దక్షిణ సగం మిజ్జోర్న్. అంటే ఏ గాలికి ఏ ఒడ్డు అన్న లెక్క వాళ్ళు నేల పేరులోనే పెట్టుకున్నారు. నేనేమో ఫోటోలకు మార్కులు వేసుకుంటూ కూర్చున్నాను.

ఆ రెండు సగాల నేల కూడా వేరే. దక్షిణమంతా లేతరంగు సున్నపురాయి. వాన నీళ్ళు దాన్ని కోసి లోతైన వాగులు చేశాయి, ఆ వాగులు సముద్రంలో కలిసే చోట్లే కాలాలు. అందుకే అక్కడి ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది, తెల్లటి అడుగు మీద పలచటి నీళ్ళు కాబట్టి ఆ నీలాకుపచ్చ రంగు వస్తుంది. ఉత్తరాన ఉన్నవి అంతకంటే ఎంతో పాత రాళ్ళు: నల్లటి పలకరాయి, ఎర్రటి ఇసుకరాయి. అక్కడి ఇసుక గరుకు, రంగు ఎరుపు లేదా బూడిద. ఫోటోల్లో దక్షిణానిదే పైచేయి. కాని గొడుగు పాతేవాళ్ళకూ, తడి బట్టలు దులుపుకునేవాళ్ళకూ గరుకు ఇసుకే సుఖం. అది ఒంటికి అంటుకోదు. నాలుగో రోజుకు మా కారు సీట్లలో ఉన్నదంతా దక్షిణపు ఇసుకే.

మరునాడు కూడా ఉత్తరం గాలే. ఈసారి అమ్మ మోకాళ్ళను కూడా లెక్కలోకి తీసుకుని, కారు ఆపిన చోటి నుంచి చదునుగా కొద్దిపాటి నడకతో చేరగల దక్షిణపు తీరం కోసం వెతికి సోన్ సౌరా ఎంచుకున్నాం. సియుతదెల్లా నుంచి రాళ్ళు పేర్చిన గోడల మధ్య, ఎదురుగా కారు వస్తే ఒకరు వెనక్కి తగ్గక తప్పనంత ఇరుకు దారి. ఆ రాతిగోడలకు సున్నం, సిమెంటు ఏమీ ఉండవు, రాయి మీద రాయి పేర్చినదే. దీవి మొత్తం ఇవే గోడలు. సోన్ సౌరా వెడల్పైన ఒడ్డు, వెనక పైన్ చెట్ల నీడ, అన్నీ బాగున్నాయి. కాని ఒడ్డు పొడవునా మోకాలెత్తున గోధుమరంగు ఆకు కుప్పలుగా పడి ఉంది, కుళ్ళిన గడ్డి వాసన. జాబితాలో దీనికి ఎనిమిది వేశాను. నిరాశతో అక్కడే కూలబడ్డాను.

అది నాచు కాదని, పొసిడోనియా అనే పూలు పూసే మొక్క ఆకు అని తరువాత తెలిసింది. మధ్యధరా సముద్రంలో తప్ప మరెక్కడా పెరగని ఈ గడ్డి నీటి అడుగున మైదానాల్లా పరుచుకుని, మట్టిని పట్టి ఉంచుతుంది. ఆ నీళ్ళలో పది మీటర్ల లోతు వరకు కనబడుతోందంటే దాని చలవే. రాలిన ఆకు ఒడ్డున మెత్తలా పేరుకుని, తుఫాను అలలు ఇసుకను ఈడ్చుకుపోకుండా కాపాడుతుంది. అందుకే దాన్ని తొందరపడి ఎత్తివేయరు. ఈ గడ్డి మీద పడవల లంగరు వేయకూడదని మెనోర్కా కూడా భాగమైన బలియారిక్ దీవుల ప్రభుత్వం 2018లో ఉత్తర్వు తెచ్చింది. ఇవేమీ తెలియకుండానే మా అబ్బాయి ఆ కుప్పల్లో దొరికిన ఉండలను ఏరడం మొదలుపెట్టాడు. ఆ ఆకు పీచును అలలు దొర్లించి దొర్లించి నిమ్మకాయంత గుండ్రటి ఉండలుగా చేస్తాయి. పట్టుకుంటే బరువే ఉండదు. అమ్మ ఒకటి తీసుకుని, చేతిలో నలిపి చూసి, "అచ్చం కొబ్బరి పీచే! గిన్నెలు తోముకోవచ్చు" అంది. ఆ సాయంత్రం నిజంగానే పులిహోర గిన్నె దాంతో తోమింది. ఉప్పు కారి గిన్నె తెల్లబడింది కాని మరక పోయింది.

పులిహోర సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. కట్టడాలు లేని ఈ కాలాల్లో చాలావాటిలో తాగునీరు, నీడ, తిండి, మరుగుదొడ్డి ఏవీ ఉండవు, చెత్తబుట్ట కూడా ఉండదు. తెచ్చుకున్నదంతా మళ్ళీ మోసుకుపోవాలి. ఎండలో పాడవని తిండి అంటే తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? ఆ పది రోజుల్లో ఆరు రోజులు పులిహోరే. మనిషికి లీటరున్నర నీళ్ళు చాలవు, రెండు లీటర్లు పట్టుకెళ్ళాలి.

అందరూ వెళ్ళి తీరాలనే మాకరెల్లా విషయంలో మళ్ళీ తప్పులో కాలేశాం. వేసవిలో ఆ దారిలోకి సొంత కార్లను రానివ్వరు. సియుతదెల్లా నుంచి బస్సులో వెళ్ళాలి, ఆ బస్సులో సీటు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మేము తెల్లారి లేచి చూస్తే ఆ రోజుకు, మరునాటికి కూడా సీట్లు లేవు. పక్కనే ఉన్న తుర్కేటాకు వెళదామంటే, అక్కడ కార్లు ఆపే చోటు చిన్నది. అది నిండిందో లేదో సియుతదెల్లా ఊరి బయట రోడ్డు మీద పెట్టిన బోర్డులే చెబుతాయి. తొమ్మిదిన్నరకే నిండిపోయినట్టు చూపించింది. చివరికి అమ్మ, నేను కాలా గల్దానాలో ఉండిపోయాం, మా వారూ అబ్బాయీ అక్కడి నుంచి కాలినడకన మాకరెల్లాకు వెళ్ళారు, ముప్పావు గంట పట్టిందట. ఆ దారి కమీ దె కవల్స్, అంటే గుర్రాల బాట. దీవి చుట్టూ తిరిగే 185 కిలోమీటర్ల పాత కాపలా దారి అది, ఇప్పుడు నడిచేవాళ్ళది. అడవి ఆలివ్ కొమ్మలతో చేసిన వంకర గేట్లు మధ్య మధ్య వస్తాయి. తీసినవాళ్ళు మళ్ళీ మూయాలి, లేకపోతే పశువులు పోతాయి. వాడు పదకొండు గేట్లు మూశానని వచ్చి చెప్పాడు. నాకు మాత్రం అవి అన్ని ఉన్నాయని నమ్మకం లేదు.

రెండు రోజుల తరువాత బస్సు సీట్లు దొరికాక నేను కూడా వెళ్ళాను. మాకరెల్లా అందం గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు, ఫోటోలు అబద్ధమాడలేదు. ఫోటోలు చెప్పనిది జనం సంగతి. పదకొండు దాటితే తుండుగుడ్డ పరచడానికి జాగా వెతుక్కోవాలి. సాయంత్రం నాలుగు దాటాక సగం మంది వెళ్ళిపోతారు, జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి అప్పుడు వెళ్ళడమే మేలు, కాకపోతే ఎత్తైన రాతి గోడల వల్ల ఇసుక మీదికి నీడ తొందరగా వచ్చేస్తుంది, నీళ్ళలోంచి లేస్తే వణుకు. పక్కనే కొండ ఎక్కి దిగితే మాకరెల్లెటా, దానికి చెల్లెలు. అక్కడ కొందరు ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకుని ఉంటారని ముందే చదివాను కాబట్టి అబ్బాయికి చెప్పి ఉంచాను. వాడు పట్టించుకోలేదు. ఇంటికి వచ్చి అమ్మమ్మకు మాత్రం వివరంగా చెప్పాడు. ఆమె, "ఎండ ఎక్కువ కదా నాన్నా" అని ఊరుకుంది.

ఈ లోపల జాబితాలో కొట్టివేతలు కూడా జరిగాయి. కాలా పిలార్ సుదీర్ఘమైన అడవిదారి, చివర దిగుడు, అమ్మతో కుదరదు. త్రెబలూజర్ అనే కాలాకు మిత్జానా అనే మరో కాలా నుంచి ఇంకా గంట నడక. మేము మిత్జానాలోనే ఆగిపోయాం, అది చాలు. కాలెస్ కోవెస్‌ను అమ్మే కొట్టేసింది. ఆ కాలా చుట్టూ ఉన్న రాతి గోడల్లో తొంభైకి పైగా గుహలు తొలచి ఉన్నాయి, క్రీస్తుపూర్వం శవాలను పెట్టిన గుహలవి. మెనోర్కాలోని ఆ కాలపు రాతి కట్టడాలను 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారని, చూడదగ్గ చోటని ముందు రోజు రాత్రి మా వారు ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. అమ్మ అంతా శ్రద్ధగా విని, "బాగుంది బాబూ, కాని శ్మశానంలో స్నానాలేమిటి?" అంది. ఆయన అక్కడితో ఆ పేరు మీద గీత గీశారు.

ఆరో రోజు పొద్దున గాలి తిరిగింది. దుప్పటి ఉత్తరానికి ఎగురుతోంది. దక్షిణపు కాలాలకు ఆ రోజు సెలవు. నేను నాలుగు మార్కులు వేసిన ఎస్ గ్రావ్ ఈశాన్యాన ఉంది. దాన్ని ఎందుకు తక్కువ చేశానంటే, దాని నీళ్ళు ఫోటోలో నీలాకుపచ్చగా లేవు, ఇసుక ముదురు రంగు, వెనక ఒక పల్లె, పడవలు. కాని కారు దిగితే చాలు, ఒక్క మెట్టు కూడా లేకుండా ఇసుక మీద ఉన్నాం. ఎదురుగా చిన్న లంక ఒకటి అడ్డంగా నిలిచి అలలను ఆపుతుంది. వెనక వైపు అల్బుఫేరా అనే మంచినీరూ ఉప్పునీరూ కలిసే సరస్సు, పక్షుల నెలవు. అది రక్షిత ప్రాంతం. మా అబ్బాయి నీళ్ళలోకి నడుస్తూ పోయాడు, ఇంకా పోయాడు, అరుపు వినబడేంత దూరంలో తిరిగి చూస్తే నీళ్ళు వాడి నడుం దాటలేదు.

అమ్మ లేచి నిలబడింది. అప్పటిదాకా ఆమె ఏ ఒడ్డునా పాదాలకు మించి తడపలేదు. సముద్రస్నానానికి ఆషాఢం, కార్తికం, మాఘం, వైశాఖం పున్నములు తప్ప మామూలు రోజుల్లో సముద్రాన్ని ముట్టకూడదని ఆమె పట్టింపు. ప్రతి కార్తిక పున్నమికీ మంగినపూడి వెళ్ళి మునిగి వచ్చే మనిషి. మంగినపూడి ఒడ్డు కూడా ఇలాగే, చాలా దూరం లోతు ఉండదు, నేల నల్లన. ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని, నా చెయ్యి పట్టుకుని, మనవడు ఉన్నంత దూరం నడిచింది. "ఆ నియమం మన సముద్రానికి లెండి" అని ఎవరూ అడగకుండానే అల్లుడికి చెప్పి, మూడుసార్లు మునిగి లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళు చీరతో మునుగుతున్న మనిషిని ఒక క్షణం చూసి, మళ్ళీ తమ పుస్తకాల్లో పడిపోయారు.

ఒడ్డుకు వచ్చాక ఆమె తడి ఇసుకను చూసి ఒక మాట అడిగింది: "పోటు గుర్తు ఏదీ?" నిజమే, మన ఒడ్డున పోటు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే తడి పట్టీ, నురుగు గీత ఉంటాయి, ఇక్కడ పొడి ఇసుక నేరుగా నీళ్ళ దగ్గరికి దిగిపోతుంది. మధ్యధరాలో ఆటుపోట్లు జానెడు మేరకు మించవు. ఒడ్డున ఎప్పుడు వచ్చినా అంతే చోటు ఉంటుందని, ఏ వేళకు వెళ్ళాలన్న లెక్కలో పోటు అక్కరలేదని నేను చెప్పాను. సియుతదెల్లా రేవులో మాత్రం అప్పుడప్పుడు గాలి ఒత్తిడి మారడం వల్ల నీళ్ళు నిమిషాల్లో దిగి, మళ్ళీ పొంగుతాయని, 2006 జూన్‌లో అలా జరిగినప్పుడు పడవలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని మా వారు చదివారు. ఆయన నోరు విప్పబోతే నేను కళ్ళతోనే ఆపాను.

ఆ తరువాత రోజు కూడా దక్షిణపు గాలే కాబట్టి ఉత్తరాన మిగిలిన ప్రెగోండాకు మేము ముగ్గురం వెళ్ళాం. బినిమెల్లా దగ్గర కారు ఆపి, గులకరాళ్ళ మీదుగా, ఎర్రమట్టి గుట్టల మీదుగా అరగంట నడక. దారి పొడవునా చెట్టు నీడ అన్నది లేదు. అమ్మను తీసుకురానందుకు సంతోషించాను. ప్రెగోండాలో ఒడ్డుకు ఎదురుగా నీళ్ళలో పసుపు, నారింజ రంగు రాళ్ళు దీవుల్లా లేచి ఉంటాయి. వాటివల్ల లోపలి నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి. నేను చూసిన తొమ్మిదింటిలో కంటికి మాత్రమే మార్కులు వేయమంటే మొదటిది ఇదే. అక్కడ దిగబోయే ముందు నీళ్ళలోంచి వస్తున్న ఒకాయన ఊదారంగు జెల్లీచేపలు రెండు చూశానని వేళ్ళతో చూపించాడు. కాపలావాళ్ళు గాని జెండా గాని లేని ఒడ్డు అది. ముందుగా వచ్చినవాళ్ళను అడగడమే దారి. అబ్బాయిని ఒడ్డునే ఆడుకోమని మేమిద్దరం వంతులవారీగా మెడదాకా దిగి వచ్చాం.

చివరికి వచ్చేసరికి మా పద్ధతి ఒకటి కుదిరింది. పొద్దున కాఫీ గ్లాసుతో అమ్మ కిటికీలోంచి పెరట్లోకి చూసి గాలి చెప్పేది. మా వారు ఫోనులో స్పెయిన్ వాతావరణ సంస్థ అంచనా చూసి గాలి వేగం చెప్పేవారు; గంటకు 25 కిలోమీటర్లు దాటితే గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డు అసలు వద్దు, పది లోపు ఉంటే ఎటైనా ఫరవాలేదు. ఆ తరువాతే నా జాబితా బయటికి వచ్చేది. అందులో మార్కులు కొట్టేసి మెట్లు, నడక, నీడ అని మూడు గడులు గీశాను. అమ్మ వస్తానంటే ఎస్ గ్రావ్ లేదా గల్దానా, వంట చేసుకుని ఇంట్లోనే ఉంటానంటే మిగిలినవి. దుప్పటి లేని రోజు ఇంటావిడ మాకోసమే ఒక గుడ్డ తీగకు వేసి ఉంచిందని మా అబ్బాయి అనుమానం.

పదో రోజు గాలి లేదు. ఎటైనా వెళ్ళవచ్చు. జాబితాలో ఇంకా పది పేర్లు మిగిలి ఉన్నాయి, వాటిలో రెండింటికి తొమ్మిదేసి మార్కులు. మా అబ్బాయి ఎస్ గ్రావ్ అన్నాడు, అమ్మ అప్పటికే పొడి చీర సంచిలో పెట్టుకుంది. అక్కడ మధ్యాహ్నం, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, ఫోనులో బందరులో ఉన్న పిన్నితో ఆమె మాట్లాడుతుంటే విన్నాను: "సముద్రమే కాని చేపల వాసన లేదే. పోటూ లేదు, పాటూ లేదు. ఉప్పు మాత్రం మనకంటే ఎక్కువ, పిల్లాడు ఊరికే తేలిపోతున్నాడు. ఆఁ, మునిగాను. మూడుసార్లూ మునిగాను. పున్నమి లేదు, ఏమీ లేదు, గాలి లేదని వచ్చామంతే."